ఏఐకి వచ్చు.. మరి మీకో?
అమీర్‌పేట శిక్షణలో మారుతున్న తీరు

బల్కంపేట: సాఫ్ట్‌వేర్‌ కొలువు కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చే యువతకు తొలి మజిలీ అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్‌ పరిసరాల్లో శిక్షణ.. బల్కంపేట, ఎస్సార్‌నగర్‌ వీధుల్లోని హాస్టళ్లలో బస. పాతికేళ్లకు పైగా కొనసాగుతున్న ఆనవాయితీ ఇది. ఇప్పుడు ఇక్కడి బోర్డులపైకి కృత్రిమ మేధ కూడా చేరింది. ఏఐగా అందరికీ తెలిసిన ఈ పరిజ్ఞానం ఒక కోర్సుగా రావడమే కాక, నేర్చుకునే విధానాన్నీ మార్చేస్తోంది. దీంతో ఒనగూరే మేలెంత? పొంచి ఉన్న ముప్పేమిటి?

కోర్సులు మారినా..
1990ల చివర్లో వైటూకే సమస్య పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్‌, కోబాల్‌ శిక్షణకు గిరాకీ ఏర్పడింది. 1998 నవంబరులో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమయ్యాక ఉద్యోగాలపై ఆశలు పెరిగాయి. అనంతరం జావా, డాట్‌నెట్‌, ఒరాకిల్‌, ఆపై క్లౌడ్‌, డేటా సైన్స్‌ వంతు వచ్చింది. కోర్సు ఏదైనా పద్ధతి ఒక్కటే. పాఠం వినడం, నోట్సు రాసుకోవడం, ల్యాబ్‌లో ప్రోగ్రామ్‌ రాయడం, అది పనిచేయకపోతే తప్పు ఎక్కడుందో గంటల తరబడి వెతకడం. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక ఆ వెతుకులాట తగ్గిపోయింది. అడిగితే చాలు, క్షణాల్లో జవాబు ప్రత్యక్షమవుతోంది.

కొత్త ఉద్యోగికి అండ
అమెరికా ఆర్థికవేత్త ఎరిక్‌ బ్రిన్యోల్ఫ్‌సన్‌ బృందం ఒక సంస్థలోని 5,179 మంది వినియోగదారుల సేవా ఉద్యోగులను పరిశీలించి 2023లో ఫలితాలు వెల్లడించింది. ఏఐ సహాయకుడిని వాడినవారి ఉత్పాదకత సగటున 14 శాతం పెరిగింది. అనుభవం లేనివారిలో ఇది 34 శాతం. నిపుణులైన ఉద్యోగుల్లో మార్పు స్వల్పమే. నిపుణులు సమస్యలను పరిష్కరించే తీరును ఏఐ గ్రహించి కొత్తవారికి అందించడమే ఇందుకు కారణమని పరిశోధకులు విశ్లేషించారు.

సాధన తగ్గితే..
తుర్కియేలో దాదాపు వెయ్యి మంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిపిన అధ్యయనం మరో కోణాన్ని చూపింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో దీన్ని వెలువరించారు. అడిగిందల్లా చెప్పే ఏఐతో గణితం సాధన చేసినవారు ఆ సమయంలో 48 శాతం మెరుగ్గా రాణించారు. ఏఐ లేకుండా పరీక్ష పెట్టేసరికి, అసలు దాన్ని వాడనివారి కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే ఏఐని వాడినవారిలో ఈ నష్టం దాదాపు కనిపించలేదు.

అమీర్‌పేట అభ్యర్థులకు ఇది హెచ్చరికే. ఇంటర్వ్యూలో ప్రోగ్రామ్‌ను వివరించాల్సింది అభ్యర్థే. ఉద్యోగం వచ్చాకా నేర్చుకోవడం ఆగదు. 2025 జులైలో టీసీఎస్‌ దాదాపు 2 శాతం, అంటే సుమారు 12 వేల మంది సిబ్బందిని తగ్గించనున్నట్లు ప్రకటించింది. దీనికి ఏఐ కారణం కాదని, అవసరాలకు తగిన నైపుణ్యాలు లేకపోవడమేనని సంస్థ సీఈవో కృతివాసన్‌ చెప్పారు. ఉద్యోగులకు అవసరమైన కీలక నైపుణ్యాల్లో 39 శాతం 2030 నాటికి మారతాయని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక అంచనా వేసింది.

ఏం చేయాలంటే..
* ప్రోగ్రామ్‌ను ముందుగా సొంతంగా రాయాలి. ఆ తర్వాతే ఏఐతో సరిచూసుకోవాలి.
* జవాబు అడగకుండా, తప్పు ఎక్కడుందో సూచన మాత్రమే ఇవ్వమని కోరాలి.
* ఏఐ ఇచ్చిన ప్రతి వరుసనూ మరొకరికి వివరించగలగాలి. ఏఐ తప్పులూ చెబుతుందన్నది మరువరాదు.
* ఏఐ కోర్సులో చేరేముందు ప్రోగ్రామింగ్‌, డేటాబేస్‌, గణాంక శాస్త్ర పునాదులు బలపరచుకోవాలి.
* రుసుం చెల్లించే ముందు డెమో తరగతికి హాజరు కావాలి. ఎన్ని గంటల ల్యాబ్‌ సాధన ఉంటుందో అడగాలి.