మెట్లెక్కే మనిషి ఎన్ని హెచ్.పి.?

కంభం: బోరుకు బిగించిన మోటారు ఎంతదని అడిగితే ఏ రైతయినా ఠక్కున ‘అయిదు హెచ్.పి.’ అంటాడు. మరి అదే రైతు చెరువుకట్ట ఎక్కితే ఆయన సామర్థ్యం ఎంత? ఇది లెక్క తేలని ప్రశ్నేమీ కాదు. తూకం, టేపు, గడియారం ఉంటే చాలు. జేబులో సెల్‌ఫోన్ ఉంటే లెక్క మరింత వివరంగా తేలుతుంది.

కట్ట మీద లెక్క

వరదరాజమ్మ పేరుతో ముడిపడిన కంభం చెరువు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. కట్ట ఎత్తు 57 అడుగులని పాత గెజిటీర్ చెబుతోంది. అంటే సుమారు 17.4 మీటర్లు. 60 కిలోల మనిషి అంత ఎత్తు నిమిషంలో ఎక్కాడనుకుందాం. బరువును 9.8తోనూ, ఎత్తుతోనూ హెచ్చించి, పట్టిన సెకన్లతో భాగించాలి. వచ్చేది 170 వాట్లు. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు కాబట్టి ఇది పావు హెచ్.పి.కి కాస్త తక్కువ. అలాంటి 22 మంది ఒకేసారి కట్ట ఎక్కితే అయిదు హెచ్.పి. మోటారుతో సమానమన్నమాట!

ఇటలీ శాస్త్రవేత్త రొడోల్ఫో మార్గరియా 1966లో మనుషులను మెట్లపై పరుగెత్తించి కండరాల సామర్థ్యాన్ని ఈ సూత్రంతోనే కొలిచారు.

జేబులో కొలత

బస్సు ఒక్కసారిగా కదిలితే మనం వెనక్కి తూలుతాం. సెల్‌ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ కూడా ఇంతే. అందులోని అతి చిన్న సిలికాన్ ముక్క ప్రతి కుదుపుకూ కదులుతుంది. ఆ కదలికను ఫోను సెకనుకు పదుల సార్లు నమోదు చేస్తుంది. మెట్టు మీద అడుగు పడ్డప్పుడల్లా గీతలో ఒక శిఖరం లేస్తుంది. జేబులో ఫోను ఊగడం వల్ల వచ్చే చిల్లర కుదుపులను వడగట్టి, శిఖరాలను లెక్కిస్తే ఎన్ని మెట్లు, ఎంత సేపట్లో ఎక్కారో తెలిసిపోతుంది.

అయితే ఎక్కిన ఎత్తును ఈ కుదుపుల నుంచే రాబట్టబోతే తప్పుతుంది. సాలు మొదట్లో వేలెడు వంకర పోతే చివరకు బారెడు పోయినట్టు, చిన్న తేడా క్షణక్షణానికీ పెరుగుతుంది. అందుకే మెట్టు ఎత్తును టేపుతో కొలిచి, మెట్ల సంఖ్యతో హెచ్చించడమే మేలు.

ఎందుకీ లెక్క?

వయసు మీద పడేకొద్దీ కండబలం కన్నా ముందు తగ్గేది ఈ సామర్థ్యమే. కుర్చీలోంచి లేవాలన్నా, కాలు జారినప్పుడు నిలదొక్కుకోవాలన్నా ఇదే ఆధారం. ఆపరేషన్‌కు ముందు ‘రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా?’ అని డాక్టర్లు అడిగేది కూడా గుండె, ఊపిరితిత్తుల ఓపిక తెలుసుకోవడానికే.

ఆరంగుళాల మెట్లు 20 ఉంటే ఎత్తు పది అడుగులు. 50 కిలోల మహిళ వాటిని 10 సెకన్లలో ఎక్కితే సుమారు 150 వాట్లు. 20 సెకన్లు పడితే అందులో సగమే. నెలకోసారి అవే మెట్లు, మామూలు నడకతో ఎక్కి రాసిపెట్టుకుంటే తేడా దానంతటదే కనబడుతుంది. పోటీపడి పరుగెత్తనక్కర్లేదు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు డాక్టర్ని అడగకుండా ఈ ప్రయత్నం చేయరాదు. ఎక్కేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, ఎన్నడూ లేని ఆయాసం వచ్చినా లెక్క పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.