చెల్లోకి అడవిలో ఓ చుట్టం!

సినిమాలో విషాద ఘట్టం... హీరో ఒంటరిగా నడిచి వెళ్ళిపోతుంటాడు. వెనకనుంచి ఓ తీగ బరువుగా మూలుగుతుంది. "ఆహా, వయొలిన్!" అనుకుంటాం. చాలాసార్లు అది చెల్లో! పేరు చూసి వయొలిన్‌కి చెల్లెలనుకునేరు. కాదు, పెద్దన్న! నాలుగు తీగలు. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు.

చెల్లో అంటే గుర్తొచ్చే మొనగాడు స్పెయిన్ దేశస్థుడు పాబ్లో కాసల్స్ (1876-1973). పదమూడేళ్ళప్పుడు బార్సిలోనాలో ఓ పాత కొట్లో ఆయనకి బాఖ్ చెల్లో రచనల ప్రతి దొరికింది. అప్పటికి వాటిని పట్టించుకునే వాళ్ళు తక్కువ. ఆయన మాత్రం పన్నెండేళ్ళు సాధన చేసిగానీ సభలో వాయించలేదు! 1936-39 మధ్య ఆరు రచనలూ రికార్డు చేశారు. నేడు అవి లేకుండా చెల్లో చదువే లేదు.

ఇక మన గడ్డకి వద్దాం. కరీంనగర్ వైపునుంచి గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. కొమురం భీం పుట్టిన నేల. 'ఆర్.ఆర్.ఆర్.' (2022) చూసిన కుర్రకారుకి ఆ పేరు కొత్తకాదు. అక్కడ గోండుల వంశగాథలు పాడే పర్ధాన్ కళాకారుల చేతిలో 'కీక్రి' ఉంటుంది. మూడు తీగలు, ఓ కమాను. చెల్లోకి దూరపు చుట్టమన్నమాట!

చెల్లో విద్వాంసుణ్ణి టిక్కెట్టు కొన్న శ్రోతలు పోషిస్తారు. కీక్రి కళాకారుణ్ణి తరతరాలుగా గోండు కుటుంబాలు పోషించాయి. పెళ్ళికీ, పూజకీ, చావుకీ ఆయన రావలసిందే, గాథ పాడవలసిందే.

మార్లవాయి కనకరాజు గారి గుస్సాడీ ఆటకి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. నాగర్‌కర్నూల్ వైపు మొగులయ్య గారి కిన్నెర 'భీమ్లా నాయక్' (2022) పాటతో ఇంటింటా మోగింది. కీక్రికీ అలాంటి ఒక్క సీను పడితే? మన సంగీత దర్శకులు కాస్త ఆలోచించాలి!

ఎందుకంటారా? కాసల్స్‌కి కొట్లో కాగితమైనా దొరికింది. కీక్రి పాటకి అలాంటి కాగితం లేదు. తండ్రి వాయిస్తుంటే కొడుకు పక్కన కూర్చుని పట్టుకోవాలి. కొడుకు లేచి వెళ్ళిపోతే, పాటా వెళ్ళిపోతుంది.

పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతరకి వెళితే, డోలు మోత మధ్య కాస్త చెవి ఒగ్గండి. సన్నగా ఓ తీగ మూలిగిందా... ఆగి, పూర్తిగా విని రండి!