నాలుగో వంతు తెరను మూసే 183 మిల్లీమీటర్లు
మొఘల్‌పురా గదిలో హోమ్ థియేటర్‌కు మోటార్ మాస్కింగ్: కొలతలు, లెక్కలు

ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకునేవాళ్లు ఎక్కువగా కొనేది 16:9 తెర. దాని మీద సినిమాస్కోప్ సినిమా వేస్తే పైనా కిందా పట్టీలు మిగులుతాయి. వాటి వాటా తెర మొత్తంలో 25.6 శాతం. అవి నిజంగా నల్లగా ఉంటే పేచీ లేదు. ప్రొజెక్టర్ నలుపును చూపించలేదు, వెలుగును తగ్గించగలదంతే. అందుకే ఆ పట్టీలు చీకట్లో బూడిద రంగులో మెరుస్తూ కనిపిస్తాయి. వాటిని నల్ల బట్ట కట్టిన ప్యానెళ్లతో కప్పడమే మాస్కింగ్. ఆ ప్యానెళ్లను మీట నొక్కి కదిలిస్తే మోటార్ మాస్కింగ్.

సినిమా కొలత ఎందుకు మారుతుంది?

1957 నాటి ‘మాయాబజార్’ దాదాపు చదరానికి దగ్గరగా ఉండే పాత చట్రంలో తీసిన సినిమా. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్, 1986 నాటి ‘సింహాసనం’ తొలి 70 ఎం.ఎం. డిజిటల్ కాలంలో థియేటర్లకు వెళ్లే ఫైళ్లు ముఖ్యంగా రెండు రకాలు: ఫ్లాట్ (1998×1080), స్కోప్ (2048×858). టీవీ, ఓటీటీలది 16:9. ఇవన్నీ చూడాల్సింది మాత్రం ఇంట్లో ఉన్న ఒకే తెర మీద.

11 అడుగుల గది లెక్క

హైదరాబాద్ మొఘల్‌పురాలో గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో 11 అడుగుల వెడల్పు గది ఉందనుకుందాం. అంటే 132 అంగుళాలు. అందులో 100 అంగుళాల వెడల్పు తెర పెడితే రెండు పక్కలా 16 అంగుళాల చొప్పున మిగులుతుంది. స్పీకర్లు, ప్యానెళ్లను కదిలించే బెల్టులు అందులోనే సర్దుకోవాలి. 16:9 ప్రకారం తెర ఎత్తు 56.25 అంగుళాలు.

ఎత్తు మార్చకుండా, స్కోప్ సినిమాకు వెడల్పు పెరిగే తెర పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అదే ఎత్తుకు స్కోప్ నిష్పత్తి, అంటే ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పు, కావాలంటే 134.4 అంగుళాల వెడల్పు కావాలి. గది వెడల్పే 132. కాబట్టి ఇలాంటి గదిలో వెడల్పు స్థిరంగా ఉంచి, పైనుంచీ కిందనుంచీ మూయడమే దారి. ఒక్కో వైపు ప్యానెల్ ఎంత లోపలికి రావాలో చూడండి:

- 1.78 (టీవీ, చాలా ఓటీటీ కార్యక్రమాలు): 0
- 1.85 (ఫ్లాట్): 28 మి.మీ.
- 2.00 (కొన్ని వెబ్ సిరీస్‌లు): 79 మి.మీ.
- 2.20 (70 ఎం.ఎం.): 137 మి.మీ.
- 2.39 (స్కోప్): 183 మి.మీ.

పాత నలుపు తెలుపు సినిమాలకు పట్టీలు పక్కల్లో వస్తాయి. వాటికీ మోటార్లు పెడితే పని రెట్టింపు అవుతుంది. ఆ సినిమాల కోసం చేత్తో జరిపే రెండు పక్క తెరలు చాలు.

వెల్వెట్ ఏం చేస్తుంది?

తెర మీద తెలుపు వెలుగు 50 నిట్లు (వెలుగు కొలత), ప్రొజెక్టర్ కాంట్రాస్ట్ 2,000:1 అనుకుంటే, నల్ల పట్టీ వెలుగు 0.025 నిట్లు. చీకటికి అలవాటు పడిన కంటికి అది తెలుస్తుంది. మంచి నల్ల వెల్వెట్ తన మీద పడ్డ వెలుగులో ఒక శాతానికి అటూఇటూగా మాత్రమే వెనక్కి పంపుతుంది. అక్కడ వెలుగు 0.00025 నిట్లకు, అంటే వందో వంతుకు పడిపోతుంది. బొమ్మ అంచు అప్పుడు గీత గీసినట్టు తేలుతుంది.

మొఘల్‌పురా వాళ్లు వెల్వెట్ కోసం దూరం పోనక్కర్లేదు. చార్మినార్ దాటితే పత్తర్‌గట్టి, మదీనా దుకాణాల్లో పెళ్లి బట్టల కోసం తాన్లకు తాన్లు ఉంటాయి. మెరుపు లేని రకం అడగండి. కొనేముందు ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. మెరిస్తే వద్దు. రెండు ప్యానెళ్లకూ నూగు ఒకే దిశలో ఉండేలా కత్తిరించాలి, లేకపోతే ఒకటి నల్లగా, ఇంకొకటి బూడిదగా కనిపిస్తుంది.

బరువును బరువుతోనే ఆపాలి

ఒక్కో ప్యానెల్ వెడల్పు 100 అంగుళాలు, ఎత్తు 8.5 అంగుళాలు. కిటికీలు చేసే అల్యూమినియం ఫ్యాబ్రికేటర్ దగ్గర దొరికే ఒకటిన్నర అంగుళం సెక్షన్‌తో చట్రం కట్టి, బట్ట చుడితే ఒక్కోటీ దాదాపు 3 కిలోలు తూగుతుంది. పై ప్యానెల్‌ను మోటారే మోస్తే కరెంటు పోగానే అది జారిపోతుంది.

దీనికి మందు బెల్టులోనే ఉంది. తెరకు ఎడమ, కుడి అంచుల్లో పైనుంచి కిందికి ఒక్కో బెల్టును వలయంగా బిగించాలి. వలయంలో ఒక వరస కిందికి దిగితే రెండోది పైకి వెళ్తుంది. పై ప్యానెల్‌ను మొదటి వరసకు, కింది ప్యానెల్‌ను రెండో వరసకు బిగిస్తే రెండూ ఒకేసారి మధ్యకు వస్తాయి, ఒకదాని బరువును ఇంకొకటి ఆపుతుంది. మోటార్‌కు మిగిలేది రాపిడి ఒక్కటే. పిల్లల చెయ్యి అడ్డం వచ్చినా నలిగిపోకుండా మోటార్ కరెంటును తక్కువలో ఉంచుకోవచ్చు.

ప్యానెల్ తెరను తాకకూడదు, మరీ దూరంగానూ ఉండకూడదు. ప్రొజెక్టర్ వెలుగు 20 డిగ్రీల వాలులో పడేచోట 10 మి.మీ. సందు వదిలితే నీడ 3.6 మి.మీ. జరుగుతుంది. 5 మి.మీ. సందు ఉంటే అది సగానికి తగ్గుతుంది.

14,640 అడుగులు

3డీ ప్రింటర్లలో వాడే నెమా 17 స్టెపర్ మోటార్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. మోటార్‌ను నడిపే డ్రైవర్ ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తే 3,200 చిన్న అడుగులు. 20 పళ్ల పుల్లీ మీద 2 మి.మీ. పళ్ల బెల్టు చుట్టుకు 40 మి.మీ. కదులుతుంది. అంటే మిల్లీమీటరుకు 80 చిన్న అడుగులు, స్కోప్‌కు కావాల్సిన 183 మి.మీ.కి 14,640. నిమిషానికి 30 చుట్ల వేగంతో 9 సెకన్లలో పని అయిపోతుంది.

ఎడమకొకటి, కుడికొకటి రెండు మోటార్లు కావాలి. వందంగుళాల ప్యానెల్ 2 మి.మీ. వాలినా బొమ్మ అంచు పక్కన ఆ వాలు కనిపించిపోతుంది. అందుకే రెండు వైపులా విడివిడిగా లిమిట్ స్విచ్‌లు పెట్టాలి. కరెంటు పోయి వచ్చాక మోటార్‌కు తానెక్కడుందో తెలియదు. మొదట నెమ్మదిగా ప్యానెళ్లను పూర్తిగా తెరిచి, ఏ వైపు మోటార్ ఆ వైపు స్విచ్ తగలగానే ఆగి, అక్కడినుంచి సున్నా లెక్క మొదలుపెట్టాలి.

ఆటోమేషన్ ఎంతవరకు?

మెదడుగా వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు సరిపోతుంది. బోర్డు, డ్రైవర్లు, మోటార్లు కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో వెతకవచ్చు. చాలా ప్రొజెక్టర్లకు ఉండే 12 వోల్టుల ట్రిగ్గర్‌ను దీనికి కలిపితే, ప్రొజెక్టర్ ఆపగానే ప్యానెళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ 12 వోల్టులను నేరుగా బోర్డుకు ఇవ్వకండి. దాని పిన్నులు 3.3 వోల్టులవి, మధ్యలో ఆప్టోకప్లర్ లాంటి రక్షణ ఉండాలి.

సినిమా నిష్పత్తిని బోర్డే కనిపెట్టి ప్యానెళ్లను కదిలించాలన్న ఆశ మాత్రం చాలాసార్లు ఫలించదు. బ్లూరే డిస్క్‌లో స్కోప్ సినిమా కూడా 1920×1080 చట్రంలోనే ఉంటుంది. 1080 గీతల్లో 277 నల్ల పట్టీలవే. ప్లేయర్ దృష్టిలో అది 16:9 వీడియో. పైగా ‘ది డార్క్ నైట్’ లాంటి సినిమాల డిస్కుల్లో ఐమ్యాక్స్ సన్నివేశాలు రాగానే నిష్పత్తి మారిపోతుంది. సినిమా మధ్యలో ప్యానెళ్లు కదిలితే చూపు వాటి మీదికి పోతుంది. అలాంటి సినిమాలకు పూర్తిగా తెరిచి ఉంచడమే మేలు. సబ్‌టైటిళ్లు పట్టీ మీద పడితే వాటిని పైకి జరిపే సెట్టింగ్ ప్లేయర్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. రిమోట్ మీద ఐదు కొలతలకు ఐదు మీటలు ఉంటే చాలు.

ఎవరికి దండగ? ఎవరికి పండగ?

గోడలు, పైకప్పు తెల్లగా ఉన్న గదిలో తెర వెలుగే వాటి మీద పడి తిరిగొచ్చి బొమ్మను పాలిపోయేలా చేస్తుంది. అలాంటి గదికి మాస్కింగ్ కన్నా ముందు ముదురు రంగు, కిటికీలకు మందపాటి పరదాలు అవసరం. ఆ పని అయ్యాక, వారానికి రెండు మూడు స్కోప్ సినిమాలు చూసే ఇంటికి మాస్కింగ్ దండగ కాదు. చేసే వరుస మాత్రం తప్పకండి: ముందు గది చీకటి, తర్వాత చట్రం నిటారుతనం, ఆ తర్వాత ప్యానెళ్ల సమతూకం, చిట్టచివర వైఫై. మొదటి మూడూ కుదిరాక ప్యానెళ్లను చేత్తో ఒకసారి జరిపి చూడండి. అవి ఒక వేలితో కదిలితేనే మోటార్ కొనండి.