కీళ్లవాతం – మనసు సంగతి

కీళ్ల నొప్పులున్నవారిని ఎవరు పలకరించినా "మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అనే అడుగుతారు. మనసు ఎలా ఉందని అడిగేవారు తక్కువ. ఈ జబ్బుతోనే ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్న మాకు ఆ రెండో ప్రశ్న విలువ తెలుసు.

వయసుతో మోకాళ్లు అరగడం వేరు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వేరు. ఇందులో ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి కీళ్ల మీద దాడి చేస్తుంది. ముప్పై, నలభై ఏళ్లకే రావచ్చు. ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దున్నే వేళ్లు గంటసేపైనా బిగుసుకుని ఉంటాయి. ఫజర్ వేళ వుజూకు కుళాయి తిప్పబోతే పట్టు చిక్కదు. బోర్డు మీద పై వరుస రాయలేక చెయ్యి దించేసిన రోజున, పిల్లలందరూ చూస్తుంటే, మాకు నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ అనిపించింది.

రాత్రి నొప్పికి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మర్నాడు అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. దిగులు పట్టినవారు నడక మానేస్తారు, మాత్రలు అశ్రద్ధ చేస్తారు, దాంతో కీళ్లు ఇంకా బిగుస్తాయి. అందుకే ఈ దిగులు జబ్బులో భాగమే గాని ఈమాన్ లోపం కాదు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చని ధర్మమే వెసులుబాటు ఇచ్చింది. అయినా సజ్దా చేయలేకపోతున్నామని కుమిలిపోయేవారు ఎందరో. మేమూ కొన్నాళ్లు అలా కుమిలినవాళ్లమే.

మాకు మేలు చేసినవి చిన్న విషయాలే. నొప్పి తగ్గిన రోజున ఇంటి పనంతా నెత్తిన వేసుకుంటే మూడు రోజులు మంచం పట్టాల్సి వచ్చేది. ఇప్పుడు పనిని ముక్కలు చేసుకుంటున్నాం. "చేతకావడం లేదు" అని విసుక్కోవడం మాని, "బేటా, ఈ సీసా మూత తీసిపెట్టు" అని అడుగుతున్నాం. ఇంట్లోవారికీ ఒక మాట. "అమ్మీ, మీరు కూర్చోండి, అన్నీ మేం చూసుకుంటాం" అనడం ప్రేమే గాని, అన్ని పనులూ లాగేసుకుంటే మనిషి ఇంకా కుంగిపోతుంది. కనీసం పిల్లల సబఖ్ వినే పనైనా ఆమెకు వదలండి.

రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, రోజులో ఎక్కువసేపు మనసు కుంగి ఉంటున్నా కీళ్ల డాక్టరుకే చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రల వల్ల కూడా మనసులో మార్పులు రావచ్చు. అలాగని వాటిని సొంతంగా, ఒక్కసారిగా ఆపకూడదు. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే ఆలస్యం చేయకుండా దగ్గరుండి డాక్టరు వద్దకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలి మానస్ 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

దాతలకు మా మనవి ఒకటే. మందుల డబ్బు చేతికిచ్చి గుమ్మంలోంచే వెళ్లిపోకండి. పది నిమిషాలు కూర్చోండి. "మాత్రలు అందాయా?" అని అడిగాక "రాత్రి నిద్ర పడుతోందా?" అని కూడా అడగండి. ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి లేకపోతే, వచ్చే తేదీ ఏదో రాసుకుని వెళ్లండి.