ఒక్కగానొక్క బిడ్డకు ఎదుటివారి మనసు తెలియదా?

"ఒక్కడే కదా, గారాబం. ఎవరి బాధా పట్టదు వాడికి." పలాసలోనైనా టెక్కలిలోనైనా ఒంటరి సంతానమున్న తల్లులు తరచూ పడే మాట ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో మహిళకు పిల్లలు 1.7. తోబుట్టువులు లేకుండా పదో తరగతికొచ్చే పిల్లల సంఖ్య ఇక పెరుగుతుంది. అందుకే ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలి.

తన మనసునూ ఎదుటివారి మనసునూ పసిగట్టడం, కోపాన్నీ దిగులునూ దారిలో పెట్టుకోవడం భావోద్వేగ ప్రజ్ఞ. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ దీన్ని శాస్త్రీయంగా నిర్వచించారు. తోబుట్టువులతో ఇది రోజూ సాధన అవుతుంది. ఉద్దానంలో అమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి, మబ్బేస్తే ఎత్తమని చెప్పి వెళ్తుంది. తమ్ముడు ఆటలో పడతాడు. అప్ప కసురుతుంది, వాడు అలుగుతాడు. చినుకు పడేలోగా ఆమే వాణ్ని బుజ్జగించాలి, లేకపోతే పిక్కలు తడిసిపోతాయి.

అమెరికాలో డగ్లస్ డౌనీ, డెన్నిస్ కాండ్రన్ 2004లో కిండర్‌గార్టెన్ పిల్లలను పరిశీలించారు. తోబుట్టువులున్నవాళ్లే నలుగురితో బాగా మెలుగుతున్నారని టీచర్లు చెప్పారు. అదే డౌనీ 2013లో డోనా బాబిట్-జెహెర్‌తో కలిసి ఏడు నుంచి పన్నెండో తరగతి పిల్లలను చూశారు. 'నా స్నేహితుడు' అని తోటివారు ఎంతమంది పేరు చెప్పారన్న లెక్కలో ఒంటరి సంతానం ఏమీ వెనకబడలేదు. బడి, ఆటస్థలం ఆ లోటు పూడ్చి ఉంటాయి.

క్రీట్, సైప్రస్ దీవుల్లో చిన్నపిల్లలపై చార్లెస్ లూయిస్ బృందం చేసిన అధ్యయనం (1996) మనకు మరింత దగ్గరగా ఉంటుంది. ఎదుటివారి ఆలోచన గ్రహించడం పిల్లలకు తోబుట్టువుల వల్లే కాదు, రోజూ మెలిగే పెద్ద పిల్లలు, పెద్దవాళ్ల వల్లా అబ్బుతుందని తేలింది. మన ఊళ్లలో పెదనాన్న పిల్లలూ మేనత్త పిల్లలూ ఉన్నది అందుకే. సాయంత్రాలు ట్యూషన్‌కూ ఫోన్‌కూ పోతే ఆ దారి మూసుకుపోతుంది.

అంతకన్నా నాకు బెంగ ఇంటికి పెద్దపిల్లలైన అప్పల గురించి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు మాత్రం పోలేదు, దాని భారం ఈ అప్పల మీదా పడుతోంది. నాన్న డయాలసిస్‌కు వెళ్తే అమ్మ తోడు వెళ్తుంది. ఇంట్లో అన్నం వండి, చెల్లెల్ని బడికి పంపేది పద్నాలుగేళ్ల పిల్ల. అందరి ముఖాలూ చదవగలుగుతుంది. తన దిగులు చెప్పుకోవడానికి ఆమెకు ఎవరున్నారు? 'పెద్దదానివి కదా' అన్న ఒక్క మాటతో నోరు నొక్కేస్తాం.

ఒంటరి సంతానమున్న తల్లిదండ్రులారా, బిడ్డను చుట్టాలిళ్లకూ ఆటలకూ పంపండి. ఇద్దరు ముగ్గురున్నవాళ్లు ఈ రాత్రి పెద్దపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమెకేం బాధగా ఉందో అడగండి.