మేకకు ఉప్పు ఒక్కటే చాలదు

మేక ఒంటికి పదిహేను దాకా ఖనిజాలు కావాలి. కాల్షియం, ఫాస్ఫరస్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం వంటివి గ్రాముల లెక్కన కావాలి. రాగి, జింకు, ఇనుము, మాంగనీసు మిల్లీగ్రాముల్లో సరిపోతాయి. కోబాల్టు, అయొడిన్, సెలీనియం అయితే అంతకన్నా తక్కువే చాలు. ఇవేవీ ఒంట్లో తయారయ్యేవి కావు. నేలలో ఉన్నవే ఆకులోకి, ఆకులో ఉన్నవే మేకలోకి వస్తాయి. రోజంతా చెట్టూ చేమా తిరిగి రకరకాల ఆకులు, కాయలు, చిగుళ్లు ఏరుకుతినే మేకకు ఒకదానిలో లేనిది మరొకదానిలో దొరుకుతుంది. బీళ్లు తగ్గిపోయి దొడ్లోనో, ఎత్తైన చెక్కల షెడ్డులోనో కట్టేసి మేపడం మొదలయ్యాక ఆ వీలు పోయింది. యజమాని ఏది వేస్తే అదే మేత. అందులో లోటు ఉంటే పూడ్చాల్సిందీ యజమానే.

ఆ లోటు అన్ని మందల్లో ఒకేలా ఉండదు. ఈ సంగతి పట్టించుకోకుండా చేతికందిన మినరల్ మిక్స్చర్ ఏదో ఒకటి వేసెయ్యడమే ఎక్కువచోట్ల జరుగుతోంది. కాల్షియం, ఫాస్ఫరస్‌లనే తీసుకుంటే, చెట్ల ఆకుల్లో కాల్షియం పుష్కలం, ఫాస్ఫరస్ అంతంతమాత్రం. ఎండాకాలం గడ్డి ఎండిపోయాక ఆ కాస్తా పడిపోతుంది. ఫాస్ఫరస్ చాలని మేకలు ఎముకలు, తోలు ముక్కలు నములుతాయి. పిల్లలు గిడసబారతాయి. ఆడమేకలు ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఇలాంటి మందకు సాయంత్రం గుప్పెడు తవుడు వేసినా కొంత మేలే.

బక్రీదు కోసం కట్టేసి మేపే పోతుల విషయం దీనికి తలకిందులు. తవుడులో ఫాస్ఫరస్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, కాల్షియం అందులో పదో వంతు కూడా ఉండదు. త్వరగా కండ పట్టాలని తవుడు, మొక్కజొన్న దండిగా పెడితే మిగులు ఫాస్ఫరస్ మూత్రంలోకి దిగి, మెగ్నీషియం, అమ్మోనియంతో కలిసి ఇసుకలా గట్టిపడుతుంది. ఆడమేక మూత్రనాళం పొట్టిది, వెడల్పైనది గనుక ఆ ఇసుక బయటికి పోతుంది. పోతు నాళం పొడవుగా వంపు తిరిగి, కొసన సన్నటి పోగులా ఉంటుంది. రేణువులు అక్కడే ఇరుక్కుంటాయి. చిన్న వయసులోనే విత్తులు కొట్టించిన పోతుల్లో ఆ దారి ఇంకా ఇరుకు. అలాంటి పోతు పదేపదే ముక్కుతుంది, చుక్కలు చుక్కలుగా పోస్తుంది, కాలితో పొట్ట తన్నుకుంటుంది. మూత్రం వచ్చేచోట వెంట్రుకలకు ఉప్పు పలుకుల్లాంటివి అంటుకుని ఉంటాయి. చూసినవాళ్లు మలబద్ధకమనో కడుపుబ్బరమనో అనుకుని నూనె తాగించేస్తారు. ఈలోగా మూత్రాశయం పగిలితే బతికించడం కష్టం. మేత మొత్తంలో కాల్షియం ఫాస్ఫరస్‌కు రెండింతలు ఉండాలి. దాణాలో ఒక శాతం సున్నపురాయి పొడి కలిపినా, అవిశాకు, వేరుశనగ కట్టె వేసినా ఆ లెక్క చాలావరకు సర్దుకుంటుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ తొట్టిలో ఉండాల్సిందే.

ఉప్పు ఏ మందకైనా కావలసిందే. ఆకుల్లో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం అరకొర. గోడలు నాకడం, మన్ను తినడం, ఒకదాని మూత్రం మరొకటి నాకడం ఉప్పు చాలడం లేదనడానికి గుర్తులు. ఒంటికి ఎంత కావాలో తెలుసుకుని మేక తనంతట తాను వెతుక్కునేది ఉప్పునే. మిగతా ఖనిజాల విషయంలో దానికి ఆ తెలివి ఉందని నమ్మలేం. అందుకే వాటిని ఉప్పుతో కలిపి పెడతారు.

రాగి దగ్గరికి వచ్చేసరికి లెక్క మరింత సున్నితం. నల్ల మేక వెంట్రుకలు తుప్పు రంగుకు తిరగడం, తోక కొసన వెంట్రుకలు రాలి చేప తోకలా చీలినట్టు కనపడటం, రక్తహీనత రాగి లోటుకు గుర్తులు. చూలు మేకకు రాగి చాలకపోతే కడుపులోని పిల్ల వెన్నుపాము సరిగా ఎదగదు. పుట్టినప్పుడో, కొన్ని వారాలకో వెనక కాళ్లు తడబడి కూలబడుతుంది. అప్పుడు రాగి ఇచ్చినా నడక పూర్తిగా బాగుపడటం అరుదు. మేతలో మాలిబ్డినం, గంధకం ఎక్కువైనా ఉన్న రాగి ఒంటికి పట్టదు.

ఇంతవరకూ చూస్తే రాగి కాస్త ఎక్కువే వేస్తే పోలా అనిపిస్తుంది. అయితే తెలుగు పల్లెల్లో మేకలు చాలాచోట్ల గొర్రెలతో కలిసే మేస్తాయి, ఒకే తొట్టిలో తింటాయి. గొర్రెకు మేత కిలోకు 7 నుంచి 11 మిల్లీగ్రాముల రాగి చాలు, అంతకు మించిన దాన్ని దాని కాలేయం సరిగా వదిలించుకోలేదు. పశువుల మినరల్ మిక్స్చర్‌లో 0.1 శాతం రాగి ఉందనుకుంటే 10 గ్రాముల్లో 10 మిల్లీగ్రాములు వస్తుంది. మేతలో ముందే ఉన్న రాగికి మరో పూర్తి మోతాదు తోడైనట్టే. అది నెలల తరబడి కాలేయంలో పోగుపడుతుంది. ఒకనాడు దూరం నడిపించినా, లారీ ఎక్కించినా ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. ఎర్రకణాలు పగిలి, కళ్లు పచ్చబడి, మూత్రం కాఫీ రంగుకు తిరిగి, గొర్రె ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. పక్కనే అదే తొట్టిలో తిన్న మేకకు ఏమీ కాకపోవచ్చు. ఉమ్మడి తొట్టిలో గొర్రెలకు సరిపడే మిశ్రమమే పెట్టి, మేకలకు కావలసిన రాగిని విడిగా ఇవ్వాలి.

కోబాల్టు మేకకు నేరుగా కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులకు కావాలి. అవి దానితోనే విటమిన్ బి12 తయారుచేస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని డెన్మార్క్ అనే ప్రాంతంలో కళ్లముందు పచ్చిక ఉన్నా గొర్రెలు, ఆవులు చిక్కి చచ్చిపోయేవి. ఇనుము లోటనుకుని లిమోనైట్ అనే ఇనుప ఖనిజం తినిపిస్తే కోలుకున్నాయి. చిత్రమేమిటంటే, అందులోంచి ఇనుము తీసేసి ఇచ్చినా కోలుకున్నాయి. ఆ గుణం ఖనిజంలో కాస్తంత కలిసి ఉన్న కోబాల్టుదని అండర్‌వుడ్, ఫిల్మర్ అనే పరిశోధకులు 1935లో తేల్చారు. బి12లో కోబాల్టు ఉందని 1948లో బయటపడింది.

అయొడిన్ లోటు పుట్టిన పిల్లల్లో కనపడుతుంది. గొంతు వాచి, బొచ్చు సరిగా లేక, నీరసంగా పుడతాయి, కొన్ని చచ్చే పుడతాయి. కోస్తా జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం వేసే సుబాబుల్ ఆకుల్లో మాంసకృత్తులు బాగా ఉంటాయి. కానీ అందులోని మిమోసిన్ పొట్టలో విడిపోయి, ఆ వచ్చే పదార్థం అయొడిన్‌ను వాడుకునే థైరాయిడ్‌కు అడ్డుపడుతుంది. ఇక్కడ అయొడిన్ పెంచడం కన్నా సుబాబుల్‌ను మేతలో మూడో వంతు మించకుండా చూడటమే మేలు. జింకు తగ్గితే చర్మం పొలుసులు లేస్తుంది, గిట్టలు చెడతాయి, పోతుల్లో సంతానశక్తి తగ్గుతుంది. సెలీనియం చాలకపోతే పిల్లల కండరాలు తెల్లబారి బలహీనపడతాయి. అయితే చాలినదానికీ విషానికీ మధ్య దూరం సెలీనియంలో చాలా తక్కువ. పంజాబ్‌లో కొన్నిచోట్ల నేలలోని సెలీనియమే పశువులకు విషమైంది. పశువైద్యుడు చెప్పకుండా సెలీనియం సూది జోలికి పోకూడదు.

బజారులో దొరికే మిశ్రమాలకు భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించినది ఐఎస్ 1664. ఉప్పు కలిపినది, కలపనిది అని అందులో రెండు రకాలు. ఉప్పు లేని రకంలో కాల్షియం 20, ఫాస్ఫరస్ 12 శాతానికి తగ్గకూడదు. ఇది పశువుల దాణా కోసం పెట్టుకున్న ప్రమాణం గనుక మేకలకని విడిగా తయారుచేసినది దొరికితే అదే కొనాలి. ఫ్లోరిన్ ఎంతుందో కూడా సంచి మీద చూసుకోవాలి. శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేటుతో చేసిన చవక మిశ్రమాల్లో అది ఎక్కువగా ఉంటుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగే మేకలకు ఇది మరీ చేటు.

ఖనిజ మిశ్రమం పెద్ద మేకకు రోజుకు 10 గ్రాములు, పిల్లకు 3 నుంచి 5 గ్రాములు సాధారణ మోతాదు. దాణా తయారుచేసుకునేవాళ్లు వంద కిలోలకు రెండు కిలోల మిశ్రమం, కిలో ఉప్పు కలుపుతారు. చూలు మేకకు చివరి నెలన్నరా, ఈనాక పాలిచ్చినన్నాళ్లూ అసలు మానకూడదు. నాకే ఇటుకలు వాడేటప్పుడు వాటిని మేక తల ఎత్తున, వాన పడని చోట వేలాడదీయాలి. యూరియా కలిసిన ఇటుక పిల్లలకు పెట్టకూడదు. అది తడిసి కరిగి, ఆ నీళ్లు తాగితే పెద్ద మేక ప్రాణానికీ ముప్పే. పొడిగా పెట్టేదయితే తొట్టి ఎత్తుగా ఉండాలి. పెంటికలు పడినదాన్ని మేక ముట్టదు.

కనురెప్పల లోపలి భాగం పాలిపోయి, దవడ కింద నీరు దిగితే లవణాలు పెంచేముందు పెంటికల పరీక్ష చేయించాలి. రక్తం పీల్చే నట్టలుంటే ఎన్ని ఖనిజాలు పెట్టినా నిలవవు. రాగి లోటు అనుమానమైతే రక్తపరీక్ష ఒక్కటే చాలదు. కాలేయంలో నిల్వ సగానికి పైగా తగ్గినా రక్తంలో మామూలుగానే కనపడవచ్చు. కోతకు పోయిన మేక కాలేయం ముక్కను పశువైద్య ప్రయోగశాలకు పంపితే మిగిలిన మంద పరిస్థితి తెలుస్తుంది.