నొప్పి ఉండదని పిల్లలకు అబద్ధం చెప్పకండి

పద్నాలుగేళ్ళ కుర్రాడు. రెండు వారాలుగా జ్వరం విడవడం లేదు. తలనొప్పి, వాంతులు. మెడ వంచలేకపోతున్నాడు. మెదడు పొరలకు వాపు వచ్చిందేమోనని డాక్టరు అనుమానించారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తేగాని జబ్బేమిటో తేలదన్నారు. తండ్రి కాగితం మీద సంతకం చేశాడు. కొడుకుతో మాత్రం, "ఏం లేదు బేటా, చిన్న రక్తపరీక్ష" అన్నాడు.

లోపలికి వెళ్ళాక కుర్రాడి కంట పొడవాటి సూది పడింది. మంచం దిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అబ్బా, మీరు నాకు అబద్ధం చెప్పారు" అన్నాడు. ఆ తరువాత ఎవరెంత బతిమాలినా దగ్గరికి రానివ్వలేదు. పరీక్ష ఆగిపోయింది. మెదడు పొరలకు క్షయ సోకితే చికిత్స ఆలస్యమైన కొద్దీ ముప్పు పెరుగుతుంది. ఆ తండ్రి ప్రేమతో చెప్పిన అబద్ధమే ఇప్పుడు బిడ్డ వైద్యానికి అడ్డం వచ్చింది.

ఒక తల్లి తన పిల్లవాడికి ఏదో ఇస్తానని చెప్పి దగ్గరికి పిలిచింది. అక్కడే ఉన్న మహాప్రవక్త (స) ఏమివ్వదలచావని ఆమెను అడిగారు. ఖర్జూరం అని చెప్పిందామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ పేర ఒక అబద్ధంగా నమోదయ్యేదని ఆయన హెచ్చరించారు. పసివాడికిచ్చిన మాటకే ఇంత లెక్క ఉంటే, అన్నీ గ్రహించే వయసు పిల్లల సంగతేమిటి?

కుర్రాడి తల్లి ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వెన్నుకు సూది పడితే కాళ్ళు పడిపోతాయని ఇంట్లో నానీ భయపడుతున్న సంగతి దాచకుండా చెప్పింది. చాలా ఇళ్ళలో ఉన్న భయమే ఇది. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుందనీ, సూదిని అంతకంటే కిందనే గుచ్చుతారనీ, అందువల్ల కాళ్ళు పడిపోవడమనేది చాలా అరుదనీ డాక్టరు వివరించారు. తీసేది కొద్ది మిల్లీలీటర్లే. ఆ నీరు మన శరీరంలో రోజుకు సుమారు అరలీటరు కొత్తగా తయారవుతూనే ఉంటుంది.

తల్లి వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. "నొప్పి ఉంటుంది నాన్నా. ఎంత ఉంటుందో, ఎప్పుడుంటుందో చెబుతాను విను" అంది. పక్కకు తిరిగి మోకాళ్ళు పొట్టకు ఆనించి రొయ్యలా ముడుచుకోవాలి. నడుము మీద చల్లటి మందు పూస్తారు. మొదట మత్తు ఇంజెక్షను కొన్ని క్షణాలు మండుతుంది. తరువాత వీపులో గట్టిగా నొక్కినట్టుంటుంది. కాలిలోకి షాకు కొట్టినట్టు జివ్వుమంటే కదలకుండా నోటితో చెప్పాలి. అంతా ముగియడానికి అరగంట పట్టవచ్చు. ఆ తరువాత రెండు మూడు రోజులు తలనొప్పి ఉండవచ్చు.

కుర్రాడు కాసేపు ఏడ్చాడు. తండ్రి "మగపిల్లాడివి, ఏడవకూడదు" అనబోతే తల్లి వారించింది. పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు మహాప్రవక్త (స) కళ్ళు కూడా చెమర్చాయి. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. ఏడుపు ఆగాక కుర్రాడు, "అమ్మీ, నువ్వు నా చెయ్యి వదలకు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పరీక్ష జరిగింది. తల్లి అతని తల దగ్గర నిలబడి ఇప్పుడు ఏం చేస్తున్నారో మెల్లగా చెబుతూ పోయింది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, మందులు పడకపోతే ముందే డాక్టరుకు చెప్పాలి. మరీ భయపడే పిల్లలకు మత్తు ఇచ్చి చేసే వీలుందేమో అడగాలి. ఆడపిల్లయితే నడుము తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటితో కప్పమనీ, నర్సును పక్కనే ఉండమనీ అడగడానికి మొహమాటపడనక్కర లేదు. లేవలేని రోగి పడుకునే సైగలతో నమాజు చేసుకోవచ్చని పిల్లలకు చెప్పండి. పరీక్ష తరువాత తలనొప్పి ఎక్కువైనా, సూది పడిన చోట నీరు కారినా, కాళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

కుర్రాడికి క్షయ అని తేలింది. నెలల తరబడి మందులు మింగాలి. కొన్నాళ్ళకు మళ్ళీ నీరు తీయవలసి వచ్చింది. ఈసారి కుర్రాడే తండ్రి వైపు తిరిగి, "అబ్బా, ఈసారి మీరు లోపలికి రండి. ఏం చేస్తారో నేనే మీకు చెబుతాను" అన్నాడు.

వ్యాధిగ్రస్తులైన బిడ్డలందరికీ అల్లాహ్ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.